గ్రామకంఠం లోపల: ముంపు ఊరి పటం గీస్తున్న డైరీ

డిసెంబరు 8

మా నాయన పుట్టిన ఊరు శ్రీశైలం నీళ్ల కింద ఉంది. 1981లో ఊరు ఖాళీ చేయించినప్పుడు ఆయనకు 14 ఏళ్లు. పోయిన నెల మా పెద్దవ్వ దినాలకు చుట్టాలంతా, ఊరు మునిగాక స్థిరపడిన కాలనీలో కలిశారు. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని పాత ఊరి మంచినీళ్ల బావులు లెక్కపెట్టారు. ఆరు దాకా అందరి లెక్కా కలిసింది. "ఇంకోటుండె, ఏడోది" అన్నాడు మా చిన్నాయన. యాడుండె అని అడిగితే చెప్పలేకపోయాడు. "పెద్దమ్మకు తెలుసు" అన్నారెవరో, మా పెద్దవ్వనే తలుచుకుని. అనేశాక అందరూ కాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రే అనుకున్నాను, ఊరికి పటం గీయాలని. ఏ ఇంట్లో ఎవరుండేవారు, ఏ దారిన నీళ్లకు పోయేవారు, ఏ చెట్టు కింద ఏం జరిగేది, ఇవన్నీ అక్కడ బతికినవాళ్ల గొంతుల్లో రికార్డు చేయాలి. పటంలో ఒక ఇంటి మీద నొక్కితే ఆ ఇంటి గురించి చెప్పిన మనిషి గొంతు వినిపించాలి. 60 దాటినవాళ్లు ఇప్పటికి పన్నెండు మంది దొరికారు. కొందరు కాలనీలో, కొందరు కర్నూల్లో, ఇద్దరు నది అవతల కొల్లాపూర్ వైపు ఉన్నారు.

ఊరి పేరు ఇక్కడ రాయను. కృష్ణ ఒడ్డున, నీళ్లు తగ్గినప్పుడు మాత్రమే గుడి బయటపడే సంగమేశ్వరం చుట్టుపక్కల ఊరు అంటే చాలు. పేరు రాస్తే ఎవరు ఏం చెప్పారో ఆ చుట్టుపక్కలవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. కొన్ని ఇళ్లలో పరిహారం గొడవలు ఇంకా తెగలేదు.

డిసెంబరు 22

ముందు కాగితాలు వెతికాను. ముంపు ఊళ్ల మీద కాగితాలకు కొదవేమీ లేదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. నిండితే 885 అడుగుల మట్టం. అటు మహబూబ్‌నగర్, ఇటు కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు, సుమారు లక్ష మంది జనం కదలాల్సి వచ్చింది. ఇంత పెద్ద పనికి ఎన్ని ఫైళ్లు పుట్టి ఉంటాయో!

సెన్సస్ వెబ్‌సైట్లో 1971 జిల్లా హ్యాండ్‌బుక్ దొరికింది. అందులో మా ఊరికి ఒకే ఒక్క వరుస. ఇళ్లు, జనం, చదువుకున్నవాళ్లు, అంతే. అమెరికా సైన్యం 1950ల్లో అచ్చేసిన పటాల్ని టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ నెట్‌లో ఉంచింది. రెండున్నర లక్షల స్కేలు. అందులో మా ఊరు ఒక చుక్క, పక్కన ఇంగ్లీషులో తప్పు స్పెల్లింగుతో పేరు. అయినా ఆ చుక్కని నాయనకు ఫోన్‌లో చూపిస్తే చాలాసేపు వేలితో పెద్దది చేసి చూస్తూనే ఉన్నాడు.

ఆశ పెట్టుకున్నది మాత్రం రెవెన్యూ రికార్డు మీద. ఎఫ్ఎంబీ, అంటే పొలాల కొలతల పుస్తకం. ఒక తెలిసినాయన దగ్గర పాత గ్రామపటం నకలు దొరికింది. ప్రతి పొలానికీ సర్వే నంబరు ఉంది, సబ్ డివిజన్లున్నాయి, గట్టు ఎక్కడ వంగిందో గొలుసులు, లింకుల్లో కొలతలతో సహా ఉంది. ఊరి దగ్గరికి వచ్చేసరికి ఒక వంకర గీత, దాని లోపల ఖాళీ. మధ్యలో "గ్రామకంఠం" అని రాసి ఉంది.

ఈ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇళ్లు కట్టుకునే జాగాను రెవెన్యూ వాళ్లు గ్రామకంఠం అంటారు. పన్ను వచ్చేది పొలం మీద కాబట్టి పొలాన్ని అంగుళం వదలకుండా కొలిచారు. ఇళ్ల జాగాను మాత్రం మొత్తం కలిపి ఒకే ముక్కగా వదిలేశారు. ఎవరి ఇల్లు ఎక్కడో అందులో గీయలేదు. అంటే కొర్రచేను మూల ఎక్కడుందో ఈరోజు కూడా అడుగు తేడా లేకుండా చెప్పగలం, మా పెద్దవ్వ కాపురం చేసిన ఇల్లు ఎక్కడుందో ఆ పటం చెప్పదు. నేను గీయాల్సింది ఈ ఖాళీనే. ఇది చూశాక పని ఎంతో, ఎక్కడో స్పష్టమైంది.

జనవరి 5

మొదటి రికార్డింగు. చెడిపోయింది. 78 ఏళ్ల తాత. తప్పు రెండు వైపులా నాదే.

ఒకటి, మైకు. ఫ్యాను కింద కూర్చోబెట్టాను. ఇంటికొచ్చి వింటే మాట వెనక గంటంతా ఫ్యాను చప్పుడే. ఇకనుంచి కూర్చునే చోటు ముందు నేను చూసుకోవాలి. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఉన్న గది వద్దు, రేకుల కింద అసలే వద్దు. కాలర్ మైకు చొక్కాకు పెట్టాక ఒక నిమిషం మాట్లాడించి, ఇయర్‌ఫోన్లో విన్నాకే మొదలుపెట్టాలి.

రెండోది పెద్దది. నేను ప్రశ్నల కాగితం పట్టుకుని పోయాను. మీ ఇల్లు ఎన్ని గదులు, మీ పొలం ఎంత. ఆయన లోపలికి పోయి ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ముందు కుమ్మరించాడు. అర్జీలు, రసీదులు, 1986 నాటి జీవో 98 జిరాక్సు. నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగం అన్న జీవో అది. ఆయన కొడుకుకు రాలేదు. గంటసేపు ఎకరాలు, తేదీలు, ఆఫీసర్లు. ఆయన మాటలో ఊరు ఎక్కడా లేదు. వచ్చేటప్పుడు "అమ్మా, ఈసారన్నా అయితాదా?" అని అడిగాడు. నలభై ఏళ్లకు పైగా కాగితం, పెన్నుతో ఆయన ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ పరిహారం కోసమో ఉద్యోగం కోసమో వచ్చినవాళ్లే. నేనూ అలాగే కనిపించాను. నా వల్ల అది కాదని ముందే చెప్పాల్సింది. చెప్పకుండా రికార్డరు ఆన్ చేయడం అన్యాయం.

ఇకనుంచి మొదటిమాట అదే. నేను ఎవరి కూతుర్ని, ఎందుకొచ్చాను, నా వల్ల ఏం కాదు, ఈ మాటలు ఎక్కడుంటాయి, వద్దంటే ఎప్పుడైనా తీసేస్తాను. ఇది చెప్పి, వాళ్లు ఒప్పుకున్న మాట కూడా రికార్డు చేసి, ఆ తర్వాతే పని.

జనవరి 19

కాగితం తీసుకుపోలేదు. నాయనను వెంటబెట్టుకుని పోయాను. 74 ఏళ్ల అవ్వ. కాలనీలో ఆమె ఇంటి తలవాకిలి చూసి నాయన గడప ముందే ఆగిపోయాడు. "ఇది పాతూరిదే గదా!"

ఊరు విడిచేటప్పుడు మిద్దెలు విప్పి దూలాలు, దంతెలు, వాకిళ్లు ఊడదీసి ఎద్దులబండ్ల మీద తెచ్చుకున్నారట. ఆ వాకిలి అప్పుడొచ్చిందే. అవ్వ దాన్ని తడుముతూనే మాట్లాడింది. నేను అడిగింది ఒక్కటే ప్రశ్న: "పొద్దున్నే లేచి ఈ వాకిట్లోంచి బయటికొస్తే ఎదురుగా ఏం కనపడేది అవ్వా?"

గంటా నలభై నిమిషాలు. ఎదురుగా వేపచెట్టు, దాని కింద జొన్న పాతర. వీధి మధ్యలోనే నేల తవ్వి జొన్నలు పోసి, మీద బండ మూసి, మట్టి కప్పేవాళ్లు. పాతర తెరిచిన రోజు ఎవర్నీ దిగనిచ్చేవాళ్లు కాదు, లోపలి గాలికి మనిషి పోతాడు. ఒక రాత్రంతా తెరిచి ఉంచి, తెల్లారి లాంతరు దించి, అది ఆరకపోతేనే దిగేవాళ్లు. పాతర జొన్నల రొట్టె వాసన వేరుగా ఉండేదట, "ఆ వాసన మీకు చెప్పేదానికి రాదు" అంది.

పటానికి పనికొచ్చే మాటలు ఆమె దూరాలు చెప్పిన తీరులో ఉన్నాయి. "మా ఇంటి నుంచి వాళ్లింటికి నిప్పు తెచ్చుకునేంత దూరం." అంటే అగ్గిపెట్టె అవసరం లేకుండా పక్కింటి పొయ్యిలోంచి కొబ్బరి చిప్పలో కణికలు పెట్టుకుని, అవి ఆరకముందే ఇంటికి చేరేంత. ఇంకోటి "పిలిస్తే పలికేంత". ఇంకోటి "కడవ ఒకసారి దించుకునేంత". ఈ మూడింటినీ అడుగుల్లోకి మార్చడానికి నాయనా నేనూ సాయంత్రం కాలనీ వీధిలో నడిచి చూశాం. కడవ ఒకసారి దించుకునే దూరం అవ్వ నడిచి చూపించింది, ఉత్త చేతుల్తోనే, నడుము మీద కడవ ఉన్నట్టు ఒక పక్కకు వంగి. నేను వీడియో తీయలేదు. అడగాలనిపించలేదు.

ఫిబ్రవరి 2

ఈరోజంతా ఫైళ్ల పని. రికార్డు చేసేది కుదించని వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గంట మోనో రికార్డింగు 500 ఎంబీ దాటుతుంది. ఎంపీ3 చేసుకుంటే చిన్నదవుతుంది కానీ ఒకసారి పోయిన స్వరం మళ్లీ రాదు, కాబట్టి అసలు ఫైలు ముట్టుకోకుండా దాచి, వినడానికి మాత్రం నకలు చేస్తున్నాను. ప్రతి ఫైలు పేరులో తేదీ, మనిషి కోడు, ఎన్నో భాగం. పేర్లు వేరే నోటుబుక్కులో ఉన్నాయి, కంప్యూటర్లో లేవు. కాపీలు మూడు. ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి హైదరాబాద్‌లో మా స్నేహితురాలి ఇంట్లో. మూడోది ఊరు దాటి ఉండాలని పట్టుబట్టింది నాయనే. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు మా చుట్టాలు ఇద్దరి ఇళ్లలో పరిహారం అవార్డు కాపీలు, పెళ్లి ఫోటోలు, అన్నీ బురదైపోయాయి. పాత ఊరి నీళ్లు తప్పించుకుని పట్నానికొస్తే ఇక్కడికీ నీళ్లొచ్చాయి.

రాతలోకి మార్చడం నిదానం. గంట మాటకు నాకు ఏడు గంటలు పడుతోంది. మొదట్లో "యాడికి", "పోయినాము", "ఉండ్రి" అన్నవి పుస్తకాల భాషలోకి దిద్దేశాను. రెండు పేజీలయ్యాక చదివితే అందులో అవ్వ లేదు, ఎవరో టీచర్ మాట్లాడుతున్నట్టుంది. చెరిపి మళ్లీ విన్నది విన్నట్టు రాశాను. "గవాచి" లాంటి మాటలకు మాత్రం పక్కన అర్థం పెడుతున్నాను. మిద్దె పైకప్పులో వెలుతురు కోసం వదిలే కంత అది. వానకు దాని మీద బాన బోర్లించేవాళ్లు.

మన దగ్గర ఈ పని కొత్తదేమీ కాదని గుర్తొస్తూ ఉంటుంది. 1800 ప్రాంతంలో సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ల కింది మనుషులు ఊరూరా తిరిగి కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు రాయించారు. ఆ మెకంజీయే తర్వాతి కాలంలో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. పొలం కొలిచే మనిషికి ఊరి కథ కూడా కావాలనిపించడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఆ కైఫియత్తుల్లో గుళ్లు, ఇనాములు, పాలించినవాళ్లు, పొలిమేరలు ఉంటాయి. ఎక్కువగా చెప్పింది కరణాలు. కడవ ఎత్తిన మనిషిని అడిగి ఉంటే ఇంకేం వచ్చేదో.

ఫిబ్రవరి 23

మొహర్రం పీర్లను నిలిపే పీర్ల చావిడి ఎక్కడుండేదో తేలక పని ఆగిపోయింది. ఊరి నడిబొడ్డున పాతే బొడ్రాయికి తూర్పున అని ముగ్గురు, పడమర అని ఇద్దరు. ఐదుగురూ గట్టిగానే చెబుతున్నారు. నేను మెజారిటీ లెక్కన తూర్పున గీసేశాను, మళ్లీ చెరిపాను. ఓట్లేసి ఊరిని కట్టడం సరైన పద్ధతి కాదు.

ఇద్దరు తాతల్ని ఒకచోట కూర్చోబెట్టాను. పావుగంట అరుచుకున్నారు. ఆ అరుపుల్లోనే ఒకాయన నోటి నుంచి "పాత చావిడి పడిపోయినంక గదా" అని వచ్చింది. రెండో ఆయన ఆగి, "ఔ, నేను చెప్పేది పాతదే" అన్నాడు. చావిడి కూలితే వీధికి అవతల కొత్తది కట్టారు. పడమర అన్న ఇద్దరూ వయసులో పెద్దవాళ్లు. ఇద్దరి మాటా నిజమే, సంవత్సరం వేరు. పటంలో రెండూ పెట్టాను. దీంతో నా పద్ధతి కూడా మారింది. ప్రతి గుర్తుకూ "ఎప్పుడు" అన్న గడి చేర్చాను. మాటలు కలవనప్పుడు ఎవరిదో జ్ఞాపకం తప్పని అనుకునేముందు, ఇద్దరూ వేర్వేరు రోజుల్ని చూస్తున్నారేమో అడగాలి.

ఆరోజే, అడగకుండానే, ఊరు ఖాళీ చేసిన సంగతి వచ్చింది. లారీలొచ్చాయి, మిషన్లొచ్చాయి. తాత ఎక్కువ చెప్పలేదు. "బొడ్రాయి తియ్యగూడదన్నారు పెద్దోళ్లు. ఊరు తోలుకోని వచ్చినాము, బొడ్డు ఆడనే పెట్టి వచ్చినాము." తర్వాత నీళ్లు తాగి, రికార్డరు ఆపమని చెయ్యి చూపించాడు. ఆపాను. ముంపులోకి వచ్చిన ఇంకో గుడి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఆ పని చేసినవాళ్లకు నేను దండం పెడతాను. అదే జాగ్రత్తతో ఒక్క మనిషి ఒక్క నోటుబుక్కు పట్టుకుని మా వీధుల్లో ఒక వారం తిరిగి ఉంటే ఎంత బాగుండేది!

మార్చి 9

ఇది ముందే జరగాల్సింది. ఇప్పటిదాకా తొమ్మిది మంది మాట్లాడారు. తొమ్మిది మంది చెప్పిన పటాలూ సుంకులమ్మ గుడి దగ్గర ముగుస్తున్నాయి. గుడి అవతల ఏముందంటే "ఏమీ లేదు, ఆడికి ఊరు అయిపోతాది" అంటారు. అవతల మాదిగగేరి ఉంది. మా నాయనకూ తెలుసు, ఆయన కూడా గీయలేదు. నేనూ అడగలేదు. ఇది నా పటంలో ఉన్న అతి పెద్ద తప్పు.

గేరిలో పెరిగిన ఒకామె ఇప్పుడు కర్నూల్లో కొడుకు దగ్గర ఉంటోంది. 70 దాటాయి. నేను ఎవరి మనవరాలినో చెప్పగానే ముందు నా ముఖంలోకి చూసింది. "మీ పెద్దవ్వ నాకు బాగ తెలుసు. ఆమె కాన్పులన్నీ మాయమ్మే చేసింది."

నేను తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను ఆమె చేతికిచ్చాను. ఆమె గుడిని కాగితం అంచున పెట్టి, మిగతా కాగితమంతా గేరి గీసింది. ఇరవై మూడు గుడిసెలు, రెండు కొట్టాలు, తోలు నానబెట్టే గుంత, చింతచెట్టు, డప్పు కాచుకునే చోటు. గేరి మొదట్లో ఒక బావి.

"ఇది మా నీళ్లబావి. రాత్రిపూట కాన్పు వస్తే మీ పెద్దవ్వ లాంతరు పట్టుకోని ఈ బావి కాడికొచ్చి నిలబడి మాయమ్మను పిలిచేది. బావి దాటి లోపలికి రాదు. మాయమ్మ పోయేది."

ఏడో బావి.

పొలం లేనివాళ్లకు గుడిసె విలువ తప్ప వేరే ఏమీ రాలేదని, ఆ డబ్బు కాలనీలో కొత్త గుడిసెకు కూడా చాలలేదని చెప్పింది. ఊరి కాగితాల్లో పొలం ఉన్నవాళ్ల పేర్లు సర్వే నంబర్లతో సహా ఉన్నాయి. ఆమె నాన్న పేరు నా చేతికి వచ్చిన ఏ కాగితంలోనూ లేదు. ఇప్పుడు ఈ రికార్డింగులో ఉంది. ఆమె మూడుసార్లు చెప్పి, సరిగ్గా రాశానా లేదా అని నాతో చదివించుకుంది.

ఏప్రిల్ 27

నీళ్లు బాగా తగ్గాయి. సంగమేశ్వరం గుడి బయటపడి చాలా రోజులైంది, జనం వస్తున్నారు. మేం ఏడుగురం ఒక జీపులో పోయాం. దారి చివర దిగి కిలోమీటరున్నర నడక. పగుళ్లు తేలిన ఒండ్రు, మధ్యలో ఎవరో నీళ్లు తగ్గిన నేలలో పంట కూడా వేశారు.

ఊరు కనపడలేదు. నేను గోడలు, గడపలు ఊహించుకుని పోయాను. ఉన్నవి రాళ్ల వరుసలు. అవి గోడల పునాదులని పెద్దవాళ్లు చెబితే తప్ప తెలియదు. బొడ్రాయి కోసం రెండు గంటలు వెతికాం, దొరకలేదు. ఒండ్రు కింద ఉండాలి. దొరికినవి మూడు. సుంకులమ్మ గుడి మెట్లు, పెద్దబావి ఒరరాళ్లు, ఒక మిద్దె మూలబండ. మూడింటి దగ్గరా ఫోన్లో జీపీఎస్ గుర్తు పెట్టి, ఒక్కో చోట పది నిమిషాలు ఉంచి సగటు తీసుకున్నాను. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్లో పాత గ్రామపటాన్ని ఈ మూడు చోట్లకు తగిలిస్తే గ్రామకంఠం గీత నేల మీద ఎక్కడ పడుతుందో తెలుస్తుంది.

గుడి మెట్ల మీద నిలబడగానే పెద్దవాళ్ల నడక మారిపోయింది. అప్పటిదాకా ఎండకు ఆయాసపడుతున్న జొన్న పాతర అవ్వ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, వంకర తిరిగే దారిలో నడిచినట్టు అటు తిరిగి ఇటు తిరిగి పోయి ఒకచోట ఆగింది. అక్కడ ఏమీ లేదు, మట్టే. "వాకిలి" అంది. మెట్ల నుంచి అక్కడికి టేపుతో కొలిచాం. ఇంట్లో నేను నిప్పు దూరాలు, కడవ దూరాలు కలిపి లెక్కేసుకున్నదానికీ దీనికీ పదకొండు అడుగుల తేడా. నాకు చాలా సంతోషమైంది.

నాయన మాత్రం బావి దగ్గరే కూర్చుండిపోయాడు. రికార్డరు ఇవ్వనా అని అడిగితే వద్దన్నాడు. ఆయన గొంతు ఇంకా రికార్డులోకి ఎక్కలేదు.

మే 18

కాలనీలో సుంకులమ్మ దేవర, అంటే జాతర. ఇప్పటిదాకా వచ్చిన పటాన్ని ఎనిమిదడుగుల ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి గుడి పక్క గోడకు కట్టాం. పక్కన తాడుకు నాలుగు మార్కర్లు వేలాడదీశాను. తప్పుంటే మీరే దిద్దండి అని రాశాను.

కర్నూలు నుంచి గేరి ఆమె, కొడుకూ వచ్చారు. గుడి అవతల గీసి ఉన్నది చూసి ఒకరిద్దరు పెద్దలు "ఇదెందుకు ఇంత పెద్దగ?" అన్నారు. నాయన వాళ్లకు జవాబు చెప్పాడు: "అంతే ఉండె గదన్నా." ఇంకెవరూ ఏమీ అనలేదు.

రాత్రి లెక్క చూస్తే 41 దిద్దుబాట్లు. రెండిళ్లు తారుమారయ్యాయి. ఒక వేపచెట్టు అసలు రావిచెట్టు. ఒకరు ఒక ఇంటి పేరు కొట్టేసి పాత యజమాని పేరు రాశారు, దాని కింద ఇంకెవరో మళ్లీ మొదటి పేరే రాశారు. ఆ ఇంటి గొడవలోకి నేను పోను, "ఎప్పుడు" గడిలో రెండు పేర్లూ ఉంటాయి. పెళ్లయి వేరే ఊరికి పోయిన ఆడవాళ్లు ఆరుగురు పేరూ ఫోన్ నంబరూ ఇచ్చి, మేమూ మాట్లాడతాం అన్నారు. ఆడపిల్లల్ని నా పన్నెండు మంది జాబితాలో వేసుకోనేలేదు. పెళ్లయ్యేదాకా వాళ్లదీ ఆ ఊరే కదా.

జూన్ 29

ఆరుగురిలో నలుగురివి అయ్యాయి. మొత్తం రికార్డింగు 31 గంటలు. రాతలోకి మారింది 19. పటంలో ఇంకా పేరు లేని ఇళ్లు తొమ్మిది.

పైన వానలు మొదలయ్యాయి, జలాశయానికి వరద రావడానికి ఇంక ఎన్నో రోజులు లేవు. నిన్న రాత్రి పదకొండింటికి నాయన నా గదిలోకి వచ్చి ఫ్యాను ఆపాడు. మంచం మీద కూర్చుని, కాలర్ మైకు తనే చొక్కాకు పెట్టుకున్నాడు. "పెద్దబావి కాడ ఒక పిల్లోడు ఉండె, నా ఈడువాడు, ఆ తొమ్మిదిళ్లలో ఒకటి వానిది" అన్నాడు.